అనిమే డ్రామాలో చెల్లిని చూసుకునే అన్న క్యారెక్టర్ రాయడం ఎలా

అన్న క్యారెక్టర్ అనగానే చాలామంది మొదట చేసే పని అతన్ని మంచోణ్ణి చేసేయడం. వంట చేస్తాడు, తల నిమురుతాడు, ఏమడిగినా పర్లేదులే అంటాడు, వాన పడితే గొడుగు పట్టుకుని స్కూల్ గేట్ దగ్గర నిలబడతాడు, ఇంక అంతే, నాలుగో ఎపిసోడ్ కి వచ్చేసరికి అతను ఫ్రేమ్ లో ఉన్నా ఎవరి కళ్లూ అతని మీద ఉండవు. మంచోడిగా రాయొద్దని నేను అనట్లేదు, అనిమే డ్రామాల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైన క్యారెక్టర్లు ఇలాంటి అన్నలే, అందుకే ఇంత ఓపిగ్గా రాస్తున్నా. కాకపోతే ఆ మంచితనం వల్ల కథలో ఏదో ఒకటి కదలాలి కదా.

నేను పట్టుకునేది ఒకటే మాట. అన్న ప్రేమ బరువు హీరోయిన్, అంటే ఆ చెల్లి, తీసుకునే నిర్ణయం మీద పడాలి, కానీ ఆ నిర్ణయం ఆమే తీసుకోవాలి. బరువు పడకపోతే అన్న ఉత్త అలంకారం, నిర్ణయం కూడా అతనే తీసేసుకుంటే కథ అతనిదైపోతుంది, హీరోయిన్ పక్కకెళ్లిపోతుంది. ఈ రెండిటి మధ్యలో అతన్ని నిలబెట్టడం ఎలా అనేదే కింద చెప్తున్నదంతా. ఫ్యాన్‌ఫిక్, అంటే ఉన్న సిరీస్ పాత్రలతో ఫ్యాన్స్ అల్లే కథ, రాసినా, సొంత స్క్రిప్ట్ రాసినా పద్ధతి ఒకటే.

ఉదాహరణకి ఒక కథ అనుకుందాం, చివరిదాకా దాన్నే వాడుకుందాం. జపాన్ లోని సెందాయ్ లో చిన్న అపార్ట్‌మెంట్. మికాకి 15 ఏళ్లు, మిడిల్ స్కూల్ మూడో ఏడాది, వచ్చే మార్చిలో అది అయిపోతుంది, ఆలోపు హైస్కూల్ ఎంట్రన్స్ రాయాలి. అన్న రెన్ కి 22, పార్సిల్ గోదాంలో కాంట్రాక్ట్ మీద పని. అమ్మ మూడేళ్ల కింద పోయింది, నాన్న అంతకు చాలా ముందే విడాకులు తీసుకుని వెళ్లిపోయాడు. మికాకి బొమ్మలంటే ప్రాణం, ఆర్ట్ కోర్స్ ఉన్న హైస్కూల్ కి వెళ్లాలని ఉంది, కానీ అన్న మీద ఇంకా భారం వేయకూడదని పగలు పని చేసుకుంటూ సాయంత్రం చదివే హైస్కూల్ పేరు ఫామ్ లో రాసేస్తుంది. ఇక్కడ చూడండి, అన్న ఇంకా సీన్ లోకి రాలేదు, అయినా అప్పుడే అతని బరువు ఆ అమ్మాయి పెన్ను మీద పడిపోయింది. కథ ఇలా మొదలుపెడితే సగం పని అయిపోయినట్టే.

ఇప్పుడు వయసు సంగతి. దీన్ని చాలామంది తేలిగ్గా వదిలేస్తారు, నేను మాత్రం ముందు ఇదే తేల్చుకోమంటా, ఎందుకంటే జపాన్ లో మేజర్ అయ్యే వయసు 2022 ఏప్రిల్ 1 నుంచి 20 కాకుండా 18 అయింది, మందు సిగరెట్ కి మాత్రం ఇప్పటికీ 20 నిండాలి. మైనర్ ఇంకొకరికి గార్డియన్ గా ఉండటానికి అక్కడి చట్టం ఒప్పుకోదు. అంటే మీ కథలో అమ్మ 2018 లో పోతే, అప్పటికి 19 ఏళ్లున్న అన్న కాగితాల మీద చెల్లికి గార్డియన్ అవ్వలేడు, ఏ పిన్నో మేనమామో ఉండాలి. అదే 2023 లో పోతే ఫ్యామిలీ కోర్టు అతన్ని వేసే అవకాశం ఉంది. మీకు ఏది కావాలో మీరే ఎంచుకోండి, నాకైతే మొదటిదే బాగా నచ్చుతుంది. ఎందుకంటే రోజూ అన్నం పెట్టేది అన్న, కాగితం మీద పేరు మాత్రం నెలకోసారి ఫోన్ చేసే పిన్నిది, ఈ ఒక్క తేడాలోంచే బోలెడు సీన్లు పుడతాయి. అలాగే అన్న 17 ఏళ్ల స్టూడెంట్ అయితే రాత్రి షాప్ లో తెల్లవారేదాకా డ్యూటీ చేసినట్టు రాయకండి, 18 నిండని వాళ్లని రాత్రి 10 నుంచి పొద్దున 5 వరకు పనిలో పెట్టుకోవడానికి అక్కడి లేబర్ చట్టం సాధారణంగా ఒప్పుకోదు. వయసు దాచి చేస్తున్నాడు అంటే సరే, అప్పుడు ఆ దాచడమే కథ అవుతుంది.

డబ్బు గురించి కూడా ఒక మాట. "ఫీజు కట్టలేక చదువు మానేసింది" అని రాసేయడం చాలా ఈజీ, కానీ జపాన్ లో 2010 నుంచి హైస్కూల్ ఫీజుకి ప్రభుత్వ సాయం ఉంది, గవర్నమెంట్ హైస్కూల్ ఫీజే ఏడాదికి 1,18,800 యెన్లు, ఇలాంటి ఇంటికి అది ఆ సాయంలోనే పోతుంది. మరి ఖర్చు ఎక్కడ తగులుతుంది అంటే యూనిఫామ్, రైలు పాస్, పుస్తకాలు, ఎంట్రన్స్ కోసం జుకు అనే ట్యూషన్ సెంటర్, మికా లాంటి పిల్లకైతే రంగులు బ్రష్ లు. పెద్ద అప్పు కంటే ఇలాంటి చిన్న చిన్న ఖర్చుల లిస్టే స్క్రీన్ మీద బాగా గుచ్చుకుంటుంది, అన్న రసీదు వెనకాల పెన్సిల్ తో కూడుకుంటూ ఉంటాడు, అది చూసే చెల్లి అయిపోయిన తెల్లరంగు ట్యూబ్ ని కింద నుంచి మడత పెట్టి పిండుతుంది, కొత్తది అడగదు.

తర్వాత అన్నకి సొంతంగా ఏం కావాలో తేల్చాలి, ఇప్పుడు కావాల్సింది, పోయినకాలంలో వదిలేసుకున్నది కాదు. అందరూ అన్నకి ఒక పాత త్యాగం అంటగడతారు, గిటార్ వదిలేశాడు, బేస్‌బాల్ వదిలేశాడు, కాలేజ్ సీట్ వదిలేశాడు. అయిపోయిన త్యాగం మీద జాలి పుడుతుంది, టెన్షన్ పుట్టదు. రెన్ కి నేనైతే ఇలా ఇస్తా, గోదాం కంపెనీ దూరంగా నగోయా అనే ఊళ్లో కొత్త సెంటర్ తెరుస్తోంది, అక్కడికి వస్తే కాంట్రాక్ట్ తీసేసి సెయిషైన్ చేస్తాం, అంటే పర్మినెంట్ ఉద్యోగం, జనవరి ఆఖరులోపు చెప్పమన్నారు. అతనికి నిజంగా వెళ్లాలని ఉంది. ఇది ముఖ్యం, లోపల ఆశ ఉండాలి, చెల్లి కోసం ఆ ఆశని రోజూ నొక్కేస్తూ ఉండాలి, అప్పుడే అతని నవ్వుకి ఒక అర్థం వస్తుంది. ఆ లెటర్ ని అతను చెల్లికి చూపించకుండా డ్రాయర్ లో పెడతాడు, డ్రాయర్ గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు ఒక సీన్ దగ్గరగా చూద్దాం. జపాన్ స్కూళ్లలో సన్‌షామెందాన్ అని ఒకటి ఉంటుంది, టీచర్, స్టూడెంట్, పేరెంట్ ముగ్గురూ కూర్చుని తర్వాత ఏ స్కూల్ కి వెళ్లాలో మాట్లాడుకునే మీటింగ్. పేరెంట్ కుర్చీలో 22 ఏళ్ల అన్న కూర్చోవడం అనే దృశ్యమే సగం చెప్పేస్తుంది, కాబట్టి డైలాగ్ తో ఇంకా చెప్పకండి. స్కూల్లోకి బయటివాళ్లు వస్తే బూట్లు విప్పి గెస్ట్ స్లిప్పర్స్ వేసుకోవాలి, అవి రెన్ కి చిన్నవి, మడమ సగం వెనక్కి వచ్చి ఉంటుంది, కారిడార్ లో నడుస్తుంటే టపటపమని చప్పుడు. గోదాం నుంచి తిన్నగా వచ్చాడు, సూట్ వేసుకున్నాడు కానీ వేళ్ల మీద పార్సిల్ టేప్ జిగురు ఇంకా ఉంది, బల్ల కింద గోరుతో గీక్కుంటూ ఉంటాడు.

టీచర్ మికా ఇచ్చిన ఫామ్ తీసి బల్ల మీద పెడుతుంది. ఇంట్లో పెద్దవాళ్ల ముద్ర పడాల్సిన చోట హాంకో, అంటే సంతకం బదులు వేసే పేరు ముద్ర, ఉంది, ఎర్రగా, కొంచెం పక్కకి ఒరిగి. రెన్ ఎప్పుడూ తిన్నగా వేస్తాడు, ఈ విషయం రెండో ఎపిసోడ్ లోనే ఏదో పిక్నిక్ ఫామ్ మీద ముద్ర వేస్తూ చూపించేసి ఉండాలి, ఒక్క రెండు సెకన్లు చాలు. ఇప్పుడు ఆ ఒరిగిన ముద్ర చూడగానే అతనికి అర్థమైపోతుంది, చెల్లి డ్రాయర్ లోంచి హాంకో తీసి తనకి చెప్పకుండా వేసేసిందని.

"అన్నగారు కూడా ఒప్పుకున్నట్టేనండీ మరి?" అంటుంది టీచర్.

రెన్ ఫామ్ వైపు చూస్తాడు. మికా తన అన్న స్లిప్పర్స్ వైపు చూస్తూ ఉంటుంది.

"ఇంకో వారం టైమ్ ఇస్తారా సెన్సే, ఇంట్లో ఒకసారి మాట్లాడుకుంటాం."

అంతే, సీన్ కట్. అతను చెల్లిని టీచర్ ముందు పట్టివ్వలేదు, అలాగని ఆ అబద్ధానికి సరే అనలేదు, ఆర్ట్ స్కూల్ కే పంపిస్తానని హీరోలా లేచి నిలబడలేదు కూడా. ఆమెకి ఒక వారం ఇప్పించాడు. సపోర్టింగ్ క్యారెక్టర్ చేయగలిగిన గొప్ప పని ఇదే అని నా నమ్మకం, హీరోయిన్ కి ఆలోచించుకునే టైమ్ సంపాదించి పెట్టడం. ఇంటికొచ్చాక కూడా అతను క్లాస్ పీకడు. హాంకో ని ఎప్పుడూ ఉండే డ్రాయర్ లోనే, ఎప్పుడూ ఉండే మూలలోనే పెడతాడు, దాచడు, తాళం వేయడు. మికా అది చూస్తుంది. తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేది, తిట్టకుండా నమ్మాడు కాబట్టి ఆ రాత్రి నిద్ర పట్టదు, తర్వాతి ఎపిసోడ్ అక్కడి నుంచి నడుస్తుంది.

ప్రేమ చూపించే పద్ధతి గురించి చెప్పాలంటే, అనిమే కి రాస్తున్నాం అనేది మర్చిపోకూడదు. అనిమే లో సెకనుకి 24 ఫ్రేములున్నా ఒక్కో బొమ్మని రెండు మూడు ఫ్రేముల పాటు అలాగే నిలిపి ఉంచుతారు, కాబట్టి సెకనుకి 12 లేదా 8 బొమ్మలే పడతాయి, అవి కూడా కదలిక ఎక్కువున్న చోటే. గిన్నె కడగటం, ఉల్లిపాయ తరగడం, జుట్టు దువ్వడం లాంటి చేతి పనులు గీయడం చాలా కష్టం, ప్రతి ఎపిసోడ్ లో అన్న వంట చేస్తున్నట్టు రాస్తే గీసేవాళ్ల ప్రాణాలు పోతాయి. కదలకుండా నిలబడే బొమ్మలు వెతకండి, పైన ప్లాస్టిక్ కవర్ చుట్టి మైక్రోవేవ్ పక్కన పెట్టిన ప్లేట్, గుమ్మం దగ్గర బయటికి తిప్పి పెట్టిన చెల్లి బూట్లు, హీటర్ దగ్గర ఆరేసిన యూనిఫామ్ సాక్సులు, కాలెండర్ లో చెల్లి ఎగ్జామ్ తేదీ చుట్టూ గీసిన గుండ్రం. అన్న ఫ్రేమ్ లో లేడు, అతను చేసి వెళ్లిన పని మాత్రం ఉంది. రాత్రి డ్యూటీ చేసే అన్నకి ఇది ఇంకా బాగా కుదురుతుంది, అతను వచ్చేసరికి ఆమె నిద్రలో, ఆమె లేచేసరికి అతను నిద్రలో, ఇద్దరూ ఒకరికొకరు వస్తువులతోనే మాట్లాడుకుంటారు.

శబ్దం కూడా వాడుకోండి. ఇంటికి రాగానే "తదైమా" అనడం, లోపల్నుంచి "ఒకాయెరి" అని జవాబు రావడం జపాన్ ఇళ్లలో రోజూ ఉండేదే, అనిమే చూసేవాళ్లందరికీ చెవిలో నాటుకుపోయి ఉంటుంది. రెన్ గొంతు వంటింట్లోంచి ప్రతిసారీ అదే టైమింగ్ లో వచ్చేలా రాసి, ఒక ఎపిసోడ్ లో అర సెకను ఆలస్యం చేయండి. నగోయా లెటర్ వచ్చిన రోజు అది. ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు, చూసేవాళ్లు తల ఎత్తుతారు.

డైలాగ్స్ చిన్నవిగా ఉంచండి. ప్రేమగా ఉండే అన్నలు ప్రేమ గురించి మాట్లాడరు, గ్యాస్ కట్టేశావా, జ్వరం తగ్గిందా, పెన్సిళ్లు ఎన్ని పెట్టుకున్నావ్ అని అడుగుతారు.

"హీటర్ ఆపేసి పడుకో."

"నువ్వెప్పుడొస్తావ్?"

"నువ్వు లేచేసరికి ఉంటా."

ఇలాంటి మూడు లైన్లు చాలు. పిలుపు విషయంలో జాగ్రత్త, చెల్లి అన్నని పేరు పెట్టి పిలవదు, ఒనీచాన్ అనో నీసాన్ అనో అంటుంది, అన్న మాత్రం చెల్లిని పేరుతోనే పిలుస్తాడు. ఆఫీసులో అందరూ అతన్ని ఇంటిపేరుకి సాన్, అంటే మన గారు లాంటిది, చేర్చి పిలుస్తారు. దీన్ని బాగా వాడుకోవచ్చు, ఏడో ఎపిసోడ్ లో మికా అతను మర్చిపోయిన టిఫిన్ బాక్స్ ఇవ్వడానికి గోదాంకి వెళ్తుంది, అక్కడ ఎవరో అతన్ని ఇంటిపేరుతో పిలుస్తారు, అతను వెనక్కి తిరిగి పగలబడి నవ్వుతాడు, ఆ నవ్వు ఇంట్లో ఆమె ఎప్పుడూ చూడలేదు. అన్నకి తను లేని జీవితం ఒకటి ఉందని ఆమెకి మొదటిసారి తెలుస్తుంది, కొంచెం సంతోషం, కొంచెం కుళ్లు, కొంచెం భయం. సపోర్టింగ్ క్యారెక్టర్ కి బయట కనీసం ఒక్క మనిషైనా ఉండాలి అని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఇంక అన్న చేసే తప్పు. తప్పు లేని అన్నని ఎవరూ నమ్మరు, అయితే ఆ తప్పు ఎక్కడి నుంచో ఊడిపడకూడదు, అతని మంచితనం ఎక్కడ పుట్టిందో తప్పు కూడా అక్కడే పుట్టాలి. రెన్ చెల్లిని కాపాడాలనుకుంటాడు కాబట్టే నగోయా సంగతి దాచాడు. ఎనిమిదో ఎపిసోడ్ లో మికా ఆర్ట్ స్కూల్ అప్లికేషన్ మీద ముద్ర వేయించుకుందామని ధైర్యం చేసుకుని హాంకో కోసం డ్రాయర్ తీస్తుంది, లెటర్ కనిపిస్తుంది. అన్న దాచాడు, చెల్లీ దాచింది, ఇద్దరిదీ ఒకే డ్రాయర్. ఈ గొడవలో మికా కోపం న్యాయమైనదిగా రాయండి, "నా వల్ల నీ బతుకు ఆగిపోయిందని నన్నెందుకు మోయమంటావ్" అనే అర్థం రావాలి, అన్న దగ్గర సరైన జవాబు ఉండకూడదు. చాలా స్క్రిప్టుల్లో ఇక్కడ అన్న రెండు నిమిషాలు ఏకధాటిగా మాట్లాడి చెల్లిని ఏడిపించి గెలిచేస్తాడు, దయచేసి అది చేయకండి, అతను "చెప్పాల్సింది" అని ఒక్క మాట అని ఆగిపోతే ఆ మౌనంలో చూసేవాళ్లు అతని పక్కనే నిలబడతారు.

ఫ్లాష్‌బ్యాక్ ఒక్కటే పెట్టండి, అది కూడా చెల్లి కళ్లతో. ఏడేళ్ల తేడా కాబట్టి మికా ఆరేళ్లకి ఒకటో తరగతిలో చేరేటప్పుడు రెన్ కి 13, వాడూ పిల్లాడే. వీపు కంటే పెద్దగా ఉన్న రందోసెరు అనే స్కూల్ బ్యాగ్ వేసుకుని ఆమె నడుస్తుంటే అతను నాలుగు అడుగులు ముందు నడుస్తాడు, ఫ్రెండ్స్ చూస్తే సిగ్గు కాబట్టి పక్కన నడవడు, కానీ ప్రతి మలుపు దగ్గరా ఆగుతాడు. అమ్మ హాస్పిటల్ సీన్, చెయ్యి పట్టుకుని చెల్లిని చూసుకో అని చెప్పే సీన్ అసలు వద్దు, ఆ మాట తీసుకోవడం వల్ల చూసుకుంటున్నాడు అంటే అతని ప్రేమ డ్యూటీ అయిపోతుంది.

ఎపిసోడ్ల లెక్క చూస్తే, ఒక కోర్ అంటే మూడు నెలలు, 12 లేదా 13 ఎపిసోడ్లు. ఒక్కోటి దాదాపు 24 నిమిషాలు, అందులో ఓపెనింగ్ ఎండింగ్ పాటలు నిమిషంన్నర చొప్పున తీసేస్తే కథకి మిగిలేది 20, 21 నిమిషాలే. అన్నకి సగటున మూడు నిమిషాలు మించి ఇవ్వకండి, అది కూడా సమానంగా పంచకండి, ఒక ఎపిసోడ్ లో అతను ఫోన్ లో గొంతు మాత్రమే, ఇంకోదాంట్లో అసలు లేడు, మెందాన్ ఎపిసోడ్ లో పది నిమిషాలు. కనిపించని ఎపిసోడ్ లో చెల్లి అతని కోసం వెతుక్కుంటే మీరు సరిగ్గా రాసినట్టే.

అన్నని చంపొద్దు. నేను దీని గురించి గట్టిగానే చెప్తా, పదో ఎపిసోడ్ లో అన్న పోతే ఏడుపు గ్యారంటీ అని అందరికీ తెలుసు, చూసేవాళ్లకి కూడా తెలుసు, అతను "ఎగ్జామ్ అయ్యాక సముద్రం చూడ్డానికి వెళ్దాం" అనగానే డెత్ ఫ్లాగ్, అంటే ఇతను పోతాడనే సూచన, అని కనిపెట్టేస్తారు. అతను బతికి ఉండి, నగోయా వెళ్లాలా వద్దా అనే ప్రశ్న ఇద్దరి మధ్యా బతికి ఉండటమే ఎక్కువ కష్టం, కథకి కావాల్సింది ఆ కష్టమే. అలాగే చెల్లి దగ్గరికి ఏ అబ్బాయి వచ్చినా మీద పడిపోయే అన్న కామెడీ కూడా డ్రామాలో పెట్టకండి, అది ఒక్కసారి వాడినా తర్వాత అతను నిజంగా బాధపడే సీన్ లో జనం నవ్వుతారు.

చివరి నిర్ణయం మికా నోటి నుంచే రావాలి. ఆర్ట్ స్కూల్ కి అప్లై చేస్తా, పిన్ని వాళ్లింట్లో ఉంటా, నువ్వు నగోయా వెళ్లు, శనివారాలు నేను ఫోన్ చేస్తా అని ఆమే చెప్తుంది, పిన్నితో కూడా అన్నకి తెలియకుండా ముందే మాట్లాడేసి ఉంటుంది. రెన్ కి ఇక్కడ ఒకే ఒక్క పని ఉంది, ఒప్పుకోవడం, అది అతనికి అన్నిటికంటే కష్టమైన పని, అందుకే వెంటనే ఒప్పుకోకుండా అద్దె గురించి, పిన్ని ఇంటి నుంచి స్కూల్ కి రైలు ఎంతసేపు పడుతుంది అనే దాని గురించి పది ప్రశ్నలు వేయించండి, మికా అన్నిటికీ కాగితం మీద రాసుకున్న జవాబులు చదువుతుంది. ఆ జవాబులు రాసుకోవడం ఆమె నేర్చుకుంది రసీదు వెనకాల లెక్కలు వేసే అన్నని చూసే, కానీ ఈ మాట ఎవరి చేతా అనిపించకండి.

డ్రాఫ్ట్ అయ్యాక రెండు పరీక్షలు పెట్టుకోండి. మొదటిది, రెన్ ని కథలోంచి పూర్తిగా తీసేసి చదవండి, మికా చివరి నిర్ణయం అప్పుడు కూడా అలాగే ఉంటే అతని సీన్లు మళ్లీ రాయాలి. రెండోది, అతని డైలాగ్స్ ఒక్కటే వేరే పేజీలోకి తీసుకుని వరసగా పైకి చదవండి. అందులో సలహాలు ఎక్కువైపోతే సగం కొట్టేయండి, ప్రశ్నలు ఎక్కువుంటే ఉంచండి, నీ కోసమే ఇదంతా అనే అర్థం వచ్చే లైన్ ఒక్కటి ఉన్నా తీసేయండి.